కట్టమంచి రామలింగారెడ్డిగారు: వారి జీవితము, విద్యాదృష్టి

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితమును సంగ్రహముగా వ్రాసి యిండని సంపాదకవర్గమువారు మమ్ము గోరిరి. ఎవరినిగూర్చి వ్రాయుదుమా యని మేము చిరకాల మాలోచింపవలసిన పని లేకపోయెను. మన మహాసభలలో ఏటేట ఎక్కువగా వినవచ్చు మాట విద్య. తీర్మానములు చేయునది విద్యకొఱకే, చందాలు పోగుచేయునది విద్యకొఱకే. అట్టిచో విద్యయే తమ జీవితముగా గడపిన మన సీమవారి చరిత్రము దలచుకొనుటకంటె దగిన పని మఱేమున్నది?

మన పలమనేరునుండి మొగిలి కనుమ దిగి తూర్పునకు బోయినచో చిత్తూరు. ఆ చిత్తూరును జేరి కట్టమంచి యను గ్రామము కలదు. అది యిపుడు పట్టణములోనే కలిసిపోయినది. అచట బుట్టిన రామలింగారెడ్డిగారు మూడు సంస్థలకు ప్రాణము పోసి, వేలకొలది విద్యార్థులకు దారి చూపి, 1951వ సంవత్సరమున దివంగతులైరి. వారు ఏ కులమున బుట్టిరని గాని, ఏ సంఘమువారు వారిని తమవారని చెప్పుకొనవలయునని గాని మే మిందు విచారింపబోము. ఏల విచారింపబోమో యీ వ్యాసము ముగియునప్పటికి చదువరులకే తెలియగలదు.

జననము, బాల్యము

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన జన్మించిరి. తండ్రిగారు సుబ్రహ్మణ్యరెడ్డిగారు, తల్లిగారు నారాయణమ్మగారు. ఆనాటికి చిత్తూరు జిల్లా యను పేరే లేదు. చిత్తూరును, మన పలమనేరును ఉత్తరార్కాడు జిల్లాలో జేరియుండెను. 1911 ఏప్రిలు 1వ తేదీననే గదా మన జిల్లా యేర్పడినది.

ఆ కాలపు వీధిబడి యెట్టిదో మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఇసుకలో వ్రేలు పెట్టి ఓనమాలు దిద్దుట, పెద్దబాలశిక్ష, శతకములు, ఎక్కములు వల్లెవేయుట, తప్పిన బాలునికి బెత్తమో కోదండమో ప్రాప్తించుట. ఆ చదువును మేము పూర్తిగా నిందింపము. నాలుక తిరుగుటయు, జ్ఞాపకశక్తి పెరుగుటయు, పద్యము చెవికి గట్టిగా బట్టుటయు ఆ చదువువలన గలిగిన మేళ్లు. కాని ఆ బడిలో బాలుడు ఎందుకు అని యడుగుటకు తావులేదు. అడిగినవాడు తుంటరి, వల్లించినవాడు బుద్ధిమంతుడు. రామలింగారెడ్డిగారు తెలుగు కావ్యపురాణముల రుచిని బాల్యముననే మరగిరి. పిమ్మట చిత్తూరు ఉన్నత పాఠశాలలో ఆంగ్లవిద్య నేర్చిరి. పద్యమును హృదయమున నిలుపుకొనుట, నిలుపుకొన్నదానిని ప్రశ్నించుట యను రెండు గుణములును వారియందు తుదివఱకు విడివడక యుండెను.

చెన్నపట్టణ విద్య, ముసలమ్మ మరణము

తరువాత వారు చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాలలో జేరిరి. విలియము మిల్లరు దొరగారి యాజమాన్యమున ఆ కళాశాల దక్షిణదేశమున మిక్కిలి ప్రసిద్ధి గాంచియుండిన కాలమది. అచటి ఆంధ్రభాషాభిరంజని సంఘమువారు 1899లో నొక కావ్యరచన పోటీ నేర్పఱుపగా, ఇంకను ఇరువదియేండ్లు నిండని యీ విద్యార్థి ముసలమ్మ మరణము అను చిన్న కావ్యమును వ్రాసి బహుమతి నందెను.

ఆ కథ మన రాయలసీమవారికి గ్రొత్తది గాదు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపు చెఱువు పొంగి కట్ట తెగనుండగా, ఊరిని గాపాడుటకై ఒక యింటి కోడలు తన్ను దాను బలిగా నర్పించుకొనినదని ఆ ప్రాంతపు జనశ్రుతి. బ్రౌను దొరగారు సేకరించిన స్థానిక చరిత్రలలో నిది చేరినది. రాజులు, అప్సరసలు, స్వయంవరములు కావ్యమునకు వస్తువులుగా నుండిన ఆ దినములలో, ఒక సామాన్య రైతుకుటుంబపు స్త్రీ కావ్యనాయిక యగుటయు, కావ్యము శుభాంతము గాక మరణముతో ముగియుటయు పండితులకు విస్మయము గలిగించెను. ఇపుడు సాహిత్యచరిత్రకారులు ఆధునిక ఖండకావ్యములకు దానిని మొదటిదిగా నెన్నుచున్నారు.

మేము దీని నింత విరివిగా జెప్పుటకు గారణము గలదు. బాలునకు పాతకావ్యములను నేర్పవలసినదే. కాని వానిని మఱల వ్రాయుటకు గాక, తన యూరి చెఱువు గట్టును దన కన్నులతో జూచుటకై నేర్పవలయును. ఈ విశ్వాసమును రామలింగారెడ్డిగారు ఉపాధ్యాయులు గాక పూర్వమే, విద్యార్థిగా నున్నపుడే తమ చేతలో జూపిరి.

కేంబ్రిడ్జి, బరోడా

పట్టపరీక్షయందు ఉత్తమశ్రేణి నుత్తీర్ణులై, ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో 1902లో ఇంగ్లండునకు బోయి, కేంబ్రిడ్జిలోని సెంటు జాన్సు కళాశాలలో చరిత్రను జదివిరి. అచటి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షులుగా నెన్నికైరి. భారతీయులలో ఆ గౌరవము నందినవారిలో వారే ప్రథములు. ఆ సభలో దొరల బిడ్డలును, వలసరాజ్యముల బిడ్డలును ఒకే పీఠముమీద నిలిచి రాజకీయ ధర్మములను వాదించుకొనుచుండిరి. ఎదుటివాని వాదమును శాంతముగా వినుట, వినిన పిదప యుక్తితో ఖండించుట, ఓడినచో నవ్వి కూర్చుండుట అచటి మర్యాద. ఈ మర్యాదను రెడ్డిగారు స్వదేశమునకు దెచ్చుకొనిరి. వారి వాక్చాతుర్యమునుగూర్చి, చమత్కారమునుగూర్చి ఇప్పటికిని కథలు చెప్పుకొనుచుందురు. ఆ కథలలో నేవి నిజములో నేవి కల్పితములో విడదీయుట కష్టము గనుక వాని నిందు వ్రాయము.

స్వదేశమునకు వచ్చి వారు మొదట బరోడా కళాశాలలో అరవిందఘోషుగారు విడిచిన ఉపాధ్యక్షపదవి నలంకరించిరి. బరోడా ప్రభువు సయాజీరావు గాయకవాడుగారు విద్యావిషయమున భారతదేశమునకే మార్గదర్శి. 1893లో అమ్రేలీ ప్రాంతమునను, 1906లో సంస్థాన మంతటను బాలబాలికలకు ప్రాథమికవిద్యను నిర్బంధముగా జేసినది ఆయనయే. బ్రిటిషు ఇండియాలో గోఖలేగారు 1911లో నిట్టి శాసనమునే ప్రతిపాదింపగా, మఱుసటి యేడది సర్కారువారును, సంపన్నులును గూడి దానిని ద్రోసివేసిరి. ఒక సంస్థానాధిపతి చేయగలిగిన పనిని ఒక సామ్రాజ్యము చేయలేకపోయెను! ధనము లేక గాదు, మనస్సు లేక. రెడ్డిగారు బరోడాలో నుండినది కొలదికాలమే. అయినను చదువు దొరతనమువారు దయతో నిచ్చు దానము గాక బిడ్డలకు జెల్లవలసిన ఋణమను దృష్టి అచట కార్యరూపమున నుండుటను వారు కన్నులార జూచిరి. ఆ ప్రభువే విద్యాపద్ధతులను పరిశీలించి రండని వారిని అమెరికాకును బంపెను.

మైసూరు: గురుత్వము, అధికారము

1909 ప్రాంతమున రెడ్డిగారు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా జేరిరి. మన పలమనేరు మైసూరు సంస్థానపు టెల్లకు బహుసమీపము. మన పూర్వులు వ్యాపారమునకును, కూలికిని, సంతలకును ఆ సీమకు బోవుచు వచ్చుచు నుండిరి. మన బాలురు కొందఱు అచటనే చదివి పైకి వచ్చిరి. కనుక మైసూరున జరిగిన విద్యావ్యాప్తి మనకు బరదేశపు వార్త గాదు.

నాలుగవ కృష్ణరాజ ఒడయరు మహారాజుగారును, దివాను విశ్వేశ్వరయ్యగారును తమ సంస్థానమున విశ్వవిద్యాలయమును స్థాపింపనెంచి, ఇతరదేశముల విద్యాలయములను జూచి రావలసినదని రెడ్డిగారిని, థామసు డెన్‌హాము దొరగారిని నియోగించిరి. వారి పరిశీలనము ఫలించి 1916 జూలైలో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. దేశీయ సంస్థానములలో నట్టిది అదియే మొదటిది. అదే యేట రెడ్డిగారు మహారాజా కళాశాలకు అధ్యక్షులైరి. 1918లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యులుగా జేరిరి. ఆయన జన్మస్థానమైన తిరుత్తణి 1960వఱకు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఒకే జిల్లా బిడ్డలు ఇరువురు ఒకే విద్యాలయమున కొలువుండుట మన సీమకు గర్వకారణము.

1918 మొదలు 1921వఱకు రెడ్డిగారు మైసూరు విద్యాశాఖకు ప్రధానాధికారిగా నుండిరి. వారి జీవితమున బాలబాలికల విద్యతో నేరుగా సంబంధించిన కాలము ఈ మూడు వత్సరములే. వారి విశ్వాసము నిజముగా బరీక్షింపబడినదియు నపుడే.

ఆ దినములలో పంచములని పిలువబడినవారి బిడ్డలకు ప్రత్యేక పాఠశాలలు కొన్ని యుండెను గాని, సర్కారు పాఠశాలల తలుపులు వారికి ఆచారమున మూయబడియే యుండెను. ఊరిబడి వెలుపల, కిటికీ చెంత, ఎండలో నిలిచి పాఠము వినిన బాలు రెందఱో! ప్రజల పన్నులతో నడచు బడి ప్రజలందఱి బిడ్డలకును దెఱచి యుండవలయునని రెడ్డిగారు పట్టుబట్టిరి. పంచమ బాలురను అన్ని పాఠశాలలయందును జేర్చుకొనవలసినదను విధానము వారి యధికారకాలమున అమలునకు వచ్చెను. దీనిమీద చెలరేగిన అలజడి యింతింత గాదు. తమ బిడ్డలను బడి మాన్పించిన తల్లిదండ్రులుండిరి. వినతిపత్రములు పంపిన పెద్దలుండిరి. మెల్లగా, నెమ్మదిగా, మఱియొక తరమునకు జూతమని సలహా యిచ్చిన హితులు నుండిరి. అయినను వారు వెనుకంజ వేయలేదు.

మేము ఈ ఘట్టమునొద్ద కొంత నిలువగోరుచున్నాము. వెలుపల నిలిపిన బాలునకు గలిగిన నష్టము ప్రత్యక్షము. కాని లోపల గూర్చున్న బాలునకు మాత్రము నష్టము లేదా? ప్రక్కవాని గూర్చుండనీయని బడిలో చదివిన బాలుడు అక్షరములతోబాటు ఆ నిషేధమునుగూడ నేర్చుకొనును. ఉపాధ్యాయుడు నోట జెప్పు నీతిపాఠముకంటె బడి గడప చెప్పు పాఠము బలమైనది. ఆ గడపను సవరింపక నీతిశతకము నెంత వల్లింపజేసినను ఫలము సున్న. రెడ్డిగారి చేతలనుండి మేము గ్రహించిన సారమిదియే.

రాజకీయములు

1921లో రెడ్డిగారు మైసూరు కొలువు విడిచి చెన్నపట్టణపు రాజకీయములలో బ్రవేశించిరి. బ్రాహ్మణేతర ఉద్యమమును నడపుచుండిన జస్టిసు పక్షమున జేరి, శాసనసభ్యులైరి. పిదప ఆ పక్షముతో విభేదించి, 1923 నవంబరులో పానుగంటి రాజావారి మంత్రివర్గముమీద అవిశ్వాస తీర్మానమును బ్రవేశపెట్టిరి. భారతదేశపు శాసనసభలలో నట్టి తీర్మాన మదియే మొదటిది. అది నెగ్గలేదు. పక్షములు మార్చుదురనియు, నిలుకడ చాలదనియు వారిని విమర్శించినవారు నాడును గలరు, పిదపను గలరు. ఆ విమర్శను మేము మఱుగుపఱుపము. రాజకీయములకంటె విద్యారంగమే వారి స్వక్షేత్రమని వారి జీవితమే తీర్పు చెప్పినది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాసనమైనపుడు దానికి ప్రథమ ఉపాధ్యక్షులుగా రెడ్డిగారు నియమితులైరి. ఆనాడు ఆ పరిషత్తునకు భవనము లేదు, భూమి లేదు, ధనము లేదు. కేంద్రస్థానము బెజవాడయా, రాజమహేంద్రవరమా, విశాఖపట్టణమా యను వివాదము మాత్రము సమృద్ధిగా నుండెను. మొదట బెజవాడలో బనిచేసి, పిదప 1930లో విశాఖపట్టణమునకు జేరెను.

1930లోనే వారి గుణమును వెల్లడించిన సంఘటన మొకటి జరిగెను. ఉప్పు సత్యాగ్రహ కాలమున ప్రభుత్వమువారు ప్రజలమీద నడపిన దండనీతికి నిరసనగా వారు ఆ పదవికి రాజీనామా యొసంగిరి. నాటి విశ్వవిద్యాలయాధిపతులలో నట్టి పని చేసినవారు అరుదు. తాను పునాది వేసిన గృహమును గోడలు లేవకమున్నే విడిచిపోవుట సులభముగాదు. అయినను బాలురకు స్వాతంత్ర్యమునుగూర్చి పాఠము చెప్పువాడు తన స్వాతంత్ర్యమును పదవికి దాకట్టు పెట్టరాదను ధర్మమును వారు పాటించిరి. ఎన్ని యుపన్యాసములు చెప్పినను రాని బోధ ఆ యొక్క రాజీనామాతో విద్యార్థులకు గలిగియుండును.

వారి తరువాత రాధాకృష్ణగారు 1931 మొదలు 1936వఱకు ఆ పీఠము నలంకరించిరి. పిమ్మట రెడ్డిగారు మఱల 1936లో వచ్చి 1949వఱకు ఆ పరిషత్తును నడపిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు సాలీన లక్షరూపాయల చొప్పున పరిషత్తునకు సమర్పించుటచే శాస్త్ర, సాంకేతిక విద్యలు అచట వేరూనినవి. మన పోషకులు ఈ విషయమును గమనింతురుగాక. ఆ దానము వర్మగారి కులమువారికో, వారి సంస్థాన ప్రజలకో మాత్రమే యని కట్టడి లేకయే యీయబడినది.

1942 ఏప్రిలులో జపానువారు విశాఖపట్టణముమీద బాంబులు వేసిరి. పరిషత్తును గుంటూరునకు దరలింపవలసి వచ్చెను. యుద్ధకాలపు కఱవుకాటకములలో గ్రంథములను, యంత్రములను, విద్యార్థులను దరలించి, చదువు ఆగకుండ జూచి, యుద్ధానంతరమున దానిని స్వస్థానమునకు జేర్చుట సామాన్యకార్యము గాదు. ఆ యేడే దొరతనమువారు వారికి సర్ బిరుద మొసంగిరి. 1945లో ఏలూరుపుర వాసులు తమ కళాశాలకు వారి పేరు పెట్టుకొనిరి.

వారి విద్యావిశ్వాసములు

రెడ్డిగారు వివాహమాడలేదు. సంతానము లేదు. విద్యార్థులే వారికి బిడ్డలు. వారి గ్రంథములనుండియు, చేతలనుండియు వారి విశ్వాసములను మేము మూడు విధములుగా గ్రహించితిమి.

మొదటిది, విమర్శనము. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమునందు వారు పింగళి సూరన కావ్యములను బరిశీలించుచు, ప్రబంధకవులలో బెక్కండ్ర రచనలను నిర్మొగమాటముగా విమర్శించిరి. పెద్దలు పొగడిరి గనుక మనమును బొగడవలయునను నియమమును వారు మన్నింపలేదు. పండితులు నొచ్చుకొనిరి, ప్రతివిమర్శలు పుట్టెను. కాని తెలుగు బాలునకు అంతవఱకు లేని హక్కొకటి దొరకెను. తన భాషలోని గొప్ప కావ్యమును ప్రేమించుచునే దానిలోని లోపమును జెప్పగల హక్కు. భక్తియు విమర్శయు పరస్పరవిరోధులు గావని వారు చూపిరి.

రెండవది, మాతృభాషలో నవీనశాస్త్రములు. ఆంగ్లమున నంతటి ప్రావీణ్యము గలిగియు వారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. ధనము, వెల, కూలి, పన్ను అను విషయములు ఆంగ్లము వచ్చినవానికే తెలియవలయునన్నచో రైతుబిడ్డ యెన్నటికిని మోసపోవుచునే యుండును. తన పంటకు ధర యేల పడిపోయెనో తన భాషలో దెలిసికొనగలిగిన బాలుడే స్వతంత్రుడు.

ఇచట మఱియొక గురువును దలపకుండుట ధర్మము గాదు. పర్లాకిమిడిలో చరిత్రోపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిగారు కొండలలోని సవరల భాషను నేర్చి, ఆ బిడ్డలకు ఆ భాషలోనే వాచకములు వ్రాసి, స్వంతవ్యయముతో బడి పెట్టి చదువు చెప్పించిరి. బిడ్డ మాటాడు భాషకును, బడి భాషకును నడుమ అగాధ ముండరాదని జీవితాంతము పోరాడిరి. ఈ విషయమున రామమూర్తిగారు నడచినంత దూరము రెడ్డిగారు నడువలేదు. అయినను 1938లో, రెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నున్న కాలముననే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రామమూర్తిగారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. పాతశైలిలో నీ వ్యాసము వ్రాయుచున్న మేమును, బాలుర వాచకముల విషయమున రామమూర్తిగారి పక్షమే న్యాయమని యొప్పుకొనుచున్నాము.

మూడవది, తెఱచిన తలుపు. మైసూరు వృత్తాంతముచే నిది స్పష్టము. ఈ మూడింటిలో నిదియే పునాది. తలుపు మూసియున్న బడిలో విమర్శ యెంత నేర్పినను అది కొందఱి వినోదము; మాతృభాష యెంత చక్కగా నేర్పినను అది కొందఱి సొత్తు.

ఒక్క లోపమును జెప్పి ఈ భాగము ముగింతుము. రెడ్డిగారి దీర్ఘజీవితమున అధికభాగము కళాశాలలకును విశ్వవిద్యాలయములకును జెందినది. గ్రామ ప్రాథమికపాఠశాలకు వారి శక్తిలో మూడు వత్సరముల పాలే దక్కినది. శిఖరము గట్టినంత శ్రద్ధతో పునాది గట్టుట ఆ తరమువారికి సాధ్యపడలేదు. గోఖలేగారు 1911లో గోరినది శాసనముగా రూపొందుటకు 2009వఱకు పట్టెను. ఆ నిర్బంధ ఉచితవిద్యా శాసనము 2010 ఏప్రిలు 1న అమలునకు వచ్చినది. దాదాపు నూఱేండ్లు! ఆ నూఱేండ్లలో చదువు లేక గతించిన తరములు మన యిండ్లలోను గలవు. వ్రేలిముద్ర వేసి భూమి గోల్పోయిన తాతలను మనమెఱుగుదుము.

నిర్యాణము

1949లో రెడ్డిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును విడిచి, తాము యౌవనమున సేవించిన మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులాధిపతిగా మఱల బోయిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన స్వర్గస్థులైరి. డెబ్బదియేండ్ల జీవితమున వారు బిడ్డలకు మిగిల్చిపోయినది ఆస్తి గాదు. విద్యాలయములు, గ్రంథములు, ఒక తీరు.

మన కర్తవ్యము

ఇక మన విషయము. మహాపురుషుని చరిత్రము జదివి చప్పట్లు గొట్టి యింటికి బోవుటకొఱకు గాదు మేము దీనిని వ్రాసినది. మన సంఘము విద్యానిధిని బోగుచేయుచున్నది. ఏటేట పరీక్షలలో అగ్రస్థానములు వచ్చిన బాలురను వేదికమీదికి బిలిచి శాలువలు గప్పుచున్నాము. మంచిదే. కాని ఆ వేదిక యెదుట వెనుక వరుసలో గూర్చున్న బాలునిగూర్చి యెవరు విచారించిరి? అక్షరమెఱుగని తల్లిదండ్రులకు బుట్టి, తన వంశమున మొదటిసారి బడికి బోయి, ఐదవ తరగతిలో తడబడుచున్న బాలునకు శాలువ లేదు, సహాయము లేదు. ర్యాంకు వచ్చిన బిడ్డకు మనము లేకున్నను దారి దొరకును. తడబడు బిడ్డకు మనమే దారి.

మఱియు, మన బిడ్డలను ఏ బడులకు బంపుచున్నామో విచారింపుడు. ఉదయము మొదలు రాత్రివఱకు గదిలో గూర్చుండబెట్టి, ప్రశ్నకు జవాబును, జవాబునకు మార్కును, మార్కునకు ర్యాంకును లెక్కించు బడులు పెరిగినవి. నూఱేండ్లక్రిందటి వీధిబడిలో వల్లెవేసినది శతకమైనను గద! ఇపుడు వల్లెవేయునది జవాబుల పట్టిక. బాలుడు ఎందుకని యడుగుటకు నాడును తావులేదు, నేడును తావులేదు. రుసుము మాత్రము పెరిగినది. తన బిడ్డ బడినుండి వచ్చినపుడు ఎన్ని మార్కులు వచ్చినవని యడుగు తండ్రి, ఇవాళ నీవు ఏమి యడిగితివని యొక్కసారి యడిగి చూచునుగాక.

బాలికల విషయమున మఱింత నిష్ఠురముగా జెప్పవలసియున్నది. మన మహాసభలలో స్త్రీవిద్య తీర్మానము చేయని యేడు లేదు. కాని పదవ తరగతి దాటగానే పెండ్లిమాట లెత్తు గృహములు మనలో నింకను గలవు. ముసలమ్మ చెఱువుకట్టకు బలియైన కథను విని కన్నీరు పెట్టుకొందుము. మన యింటి బాలిక చదువును ఇంటి సౌకర్యమునకు బలి యిచ్చునపుడు కన్నీరు రాదు. ఆ కావ్యమును వ్రాసిన విద్యార్థి ఆమెను నాయికను జేసినది, ఇంకను నట్టి బలులు కావలెనని గాదని మేము నమ్ముచున్నాము.

తుదకు, కఠినమైన మాట యొకటి. మనది యొక కులసంఘము. కులమువారు కులమువారికి దోడుపడుట తప్పు గాదు. ఆకలిగొన్నవానికి మొదట ఇంటివారే యన్నము పెట్టుదురు. కాని యింటివారికి మాత్రమే పెట్టి తలుపు మూసికొను గృహమును ఊరు గౌరవింపదు. రెడ్డిగారు మైసూరున గడప సవరించినపుడు, లోపల నున్నవారి బిడ్డలకు నష్టమని యెందఱో భయపడిరి. ఆ భయము నిజము గాలేదు. కావున మన విద్యానిధిలో గొంత భాగమును కులవిచక్షణ లేక పేద విద్యార్థుల కొసంగవలసినదని మేము పోషకులను బ్రార్థించుచున్నాము. ఇది కొందఱకు రుచింపకపోవచ్చును. రుచింపనివారు సభలో లేచి వాదింపవలయునని మా కోరిక. వాదము విని, యుక్తితో బదులు చెప్పుదుము. ఓడినచో నవ్వి కూర్చుందుము. అదియు రెడ్డిగారు నేర్పిన మర్యాదయే.

రామలింగారెడ్డిగారు ఏ కులమువారో మేము చెప్పకుండుటకు గారణ మిపుడు స్పష్టమైనదని తలంతుము. తమవారని యెవరైన వారిని జెప్పుకొనవచ్చును. కాని వారు తెఱచిన తలుపును మూయనివారికే ఆ మాట చెల్లును.

సభ జయప్రదమగుగాక. మన బిడ్డలును, మన ప్రక్కయింటి బిడ్డలును చక్కగా జదువుకొందురుగాక. శుభమస్తు.